ఒట్టు

మా బడి వరండా స్తంభం సన్నం.
అందుకే పెయింటరు ఆ నంబరును నిలువుగా రాశాడు
ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది,
అన్నిటికన్నా కిందది నా గడ్డం ఎత్తున.
ఆయా పైడమ్మ చీపురు ఆపి చూసింది:
"ఏటమ్మా ఇది, ఇనస్పెక్టరుకి రాసినారా, పిల్లలకి రాసినారా?"
మర్నాడు అతన్ని మళ్లీ పిలిపించి
మోకాలి దగ్గర్నించి రాయించాం.
అప్పట్నించీ పిల్లలు దానికి వీపానించి ఎత్తు కొలుచుకుంటారు.
గరికిన పోలరాజు, నాలుగో తరగతి,
ఒకటి పాదం దాకా.

మార్చిలో ఒంటిపూట బడి.
పన్నెండున్నరకి గంట, అన్నం,
అందరూ జాలరిపేట వైపు పరుగు.
వాడు మాత్రం తుడిచిన బోర్డునే తుడుస్తాడు.
డస్టరును కిటికీ ఊచలకేసి కొడతాడు,
పొడి రాలడం మానేశాక కూడా.
బుద్ధిమంతుడనుకున్నాను, రెండు వారాలు.
నా సిగ్గు అది, రాసుకుంటున్నాను.

పైడమ్మే అంది:
"ఆడికి బడి మీద పేమ కాదమ్మా,
ఇంటికెల్లే దారి పొడుగు సేసుకుంతన్నాడు."

ఏప్రిల్ పదిహేను, వేట నిషేధం.
హార్బరులో బోట్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉంటాయి.
చేపపిల్లలు పెరగాలని
సముద్రానికి రెండు నెలలు తాళం.
మగవాళ్లంతా ఇళ్లల్లో.
ఇంకో వారంలో మాకూ సెలవులు.
చేపపిల్ల కోసం సముద్రాన్ని మూస్తారు,
సరిగ్గా అప్పుడే మేం బడిని మూస్తాం.

ఆ మధ్యాహ్నం వాడు నా బల్ల దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.
"ఎవులికీ సెప్పనని ఒట్టెయ్యండి మేడమ్.
అప్పుడు సెప్తాను."
అరచేతినిండా సుద్ద.
చిటికెన వేలి గోరు నల్లగా కమిలి ఉంది.

ఒట్టెంత తేలిక!
నా పిల్లలకి వేసినవాటికి లెక్కలేదు,
కైలాసగిరి రైలెక్కిస్తానని, తెల్లారేసరికి జ్వరం పోతుందని.
ఒకరోజు కూర్చోబెట్టి, సమోసా పెట్టి
శిక్షణలో చెప్పినవన్నీ మరిచిపోయాను.
మిగిలింది ఒక్కటే:
ఈ ఒట్టు వెయ్యకు.

"వెయ్యలేను నాన్నా.
ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్తాను.
ఎవరికి చెప్తున్నానో ముందు నీకు చెప్తాను."

చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది.
గేటు దాకా వాడి చెప్పుల చప్పుడు విన్నాను.
ఆ రాత్రి కొండమీది లైటుహౌసు వెలుగు
మా మేడమీదికి వచ్చి, పోయి, వచ్చి.
అది పోయిన ప్రతిసారీ
ఆ ఒట్టు వేసుంటే బావుండేదనిపించింది.

మర్నాడు వచ్చాడు.
ఒట్టు అడగలేదు.
చెప్పాడు.

ఏం చెప్పాడో ఈ కవితలో ఉండదు.
అది హెడ్మాస్టరు బీరువాలో, ఎర్ర అట్ట ఫైలులో ఉంది,
తేదీ, సమయం, వాడి మాటలు వాడి యాసలోనే.
ఒక్క ఉపమానం చేర్చలేదు.
చెయ్యి జారి "పాపం" అని ఒకచోట పడితే
కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

తర్వాత ఫోను. స్కూటీ మీద వచ్చిన ఒకామె.
రెండు వాయిదాలు.
ముత్యాలమ్మపాలెం నుంచి మూటతో దిగిన అమ్మమ్మ.
ఆ ఇంట్లోంచి ఎవరు వెళ్లారో పేటకంతా తెలుసు, నేననను.
వాడి అమ్మ గేటు దగ్గర నన్ను తిట్టింది,
నా భుజం మీదే ఏడ్చింది, మళ్లీ తిట్టింది.
వాడు మాత్రం నాతో మాట్లాడలేదు.

జూన్‌లో బడి తెరిచాం. హాజరు పిలిచాను.
"గరికిన పోలరాజు."
కిటికీలోకి చూస్తూ "ప్రెజెంట్" అన్నాడు.
మేడమ్ అనలేదు.
సరే.

చివరి గంటకి అందరికన్నా ముందు లేచాడు.
స్తంభం దగ్గర ఆగి, నెత్తిన అరచెయ్యి పెట్టి
వెనక్కి తిరిగి చూసుకున్నాడు,
ఓ వేలెడు పెరిగినట్టున్నాడు.
అంతే, ఒకటే పరుగు.

బోర్డు తుడవలేదు.
నేనే తుడుచుకున్నాను.